అగ్గిపుల్ల లేని పరీక్ష

సిరిసిల్లల పోగును అడిగే తీరు ఒక్కటే.
అగ్గిపుల్ల గీసి కొసకు అంటియ్యాలె.
కాయితం కాలిన వాసనొస్తే నూలు,
వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు,
ముడుచుకపోయి నల్లటి పూసై
వేలిని కాల్చిందంటే పాలిస్టర్.
పదకొండేండ్లు సాంచెల మీద
నేనడిగిన ప్రతి పోగూ
జవాబు చెప్పి సచ్చిపోయింది.

ముహరఖ్‌ల ఈ మ్యూజియం గోదాంకు వస్తే
అగ్గిపెట్టె గేటు కాడనే గుంజుకున్నరు.
బయట నలభై ఆరు. లోపట పద్దెనిమిది.
బట్టల కోసం పెట్టిన చలి అది,
మోసేటోళ్లకు స్వెటర్ ఇస్తరు.
పెట్టెలు దించుడు, మూతలు తీసుడు,
తేమ ముల్లు ఎక్కడున్నదో పుస్తకంల రాసుడు.
ముట్టుడు మాత్రం లేదు.
చేతులు ఎనుక కట్టుకొని నిలబడుడు
వచ్చిన దినమే నేర్పిండ్రు.

మొన్న మంగళారం ఒక నషల్ వచ్చింది.
పెండ్లి అంగి. నలభై ఎనిమిదేండ్ల కిందిది.
వంగపండు రంగు, భుజాల నుంచి అంచు దాక బంగారు పూలు.
చీటీ మీద: పట్టు. జరీ.
ఇచ్చిన పెద్దామె, ఉమ్ యాకూబ్,
కుర్చీ వేసుకొని పక్కనే కూసున్నది
పిల్లకు సూదేస్తుంటే తల్లి కూసున్నట్టు.

డాక్టర్ హెస్సా మిషన్ పట్టింది.
ఇస్త్రీపెట్టె అంత ఉంటది, కాలదు.
బట్టకు వేలెడు దూరంల ఆగి
కంటికి ఆనని వెలుగు వేస్తది.
వెలుగు పోతది, అడుగుతది, తిరిగొస్తది.
పోగు పోగు లెక్కనే ఉంటది.
మొదట్ల నాకు నమ్మబుద్ధి కాలే.
కాల్చకుంట, కత్తిరియ్యకుంట, దారం గుంజకుంట
నిజం ఎవలన్న చెప్తరా?

గీ అంగి సంగతి మూత తీసినప్పుడే తెలిసింది.
ముక్కుకు తాకింది సన్నగ,
సైజింగ్ తొట్టిల మూడొద్దుల గంజి లెక్క,
కాదు, సిర్క లెక్క, పుల్లగ.
"మేడమ్, ఇది పులుస్తున్నది" అన్న.
వాసన చూసుడు ముట్టినట్టు కాదు కద.
ఆమె నవ్వలే. మిషన్‌ను అంచు దిక్కు జరిపింది.
తెర మీద గీత లేచి
మూడు గుట్టలైంది.
పట్టుకు ఆ గుట్టలుండవట.
అసిటేట్. కట్టె గుజ్జుల నుంచి తీసిన దారం.
ఇంకో మిషన్ జరీని చూసింది:
వెండి లేదు, బంగారం లేదు,
ప్లాస్టిక్ పొరల నడుమ అల్యూమినియం.

ఉమ్ యాకూబ్‌కు అరబ్బీల చెప్పిండ్రు.
ఆమె చాలాసేపు తెర దిక్కే చూసింది
ఈ గీత ఎవలి గుండెదన్నట్టు.
తర్వాత అన్నది, నాకు సమజైన కాడికి:
"మా నాయిన మూడు నెలల జీతం పెట్టిండు.
అమ్మినోడు పట్టు అన్నడు.
ఆ రాత్రి నేను నడుస్తుంటే
పట్టు లెక్కనే సప్పుడు చేసింది."

సప్పుడును ఏ మిషనూ అడగలే.

మేం నేసిన పాలిస్టర్ కూడా
ఏ దుకాణంలనో పట్టు పేరు మీద పోయే ఉంటది.
పీసు గడప దాటినంక
దాని పేరు మా చేతుల లేదు.
ఆ మాట నేను ఆమెకు చెప్పలే.

ఇగ దీన్ని పట్టు బట్టల నడుమ పెట్టరాదు.
ఇది విడిచే ఊపిరికి పక్కపొంటి
రాగి గుండీలు పచ్చబడ్తయట.
వేరే పెట్టె, బొగ్గు అద్దిన గుడ్డ, ఇంకింత చలి.
కొత్త చీటీ రాసిండ్రు. పాతది పారెయ్యలే,
దాని ఎనుకనే పెట్టిండ్రు.

పోయే ముందు ఆమె నా దిక్కు తిరిగి
వచ్చీరాని హిందీల అడిగింది:
నువ్వు నేసేటోడివట. చెప్పు, ఎట్లున్నది?
దీపం కిందికి వంగి చూసిన.
"నేత గట్టిది, అమ్మా. ఎడమ చెయ్యి కింద
ఒక పేక తప్పింది.
రాత్రి డ్యూటీల ఎవలో కునికిండు."

ఆమె నవ్వింది, పల్లు కనపడేటట్టు.
ఎనుక కట్టుకున్న చేతులల్ల
బొటనవేలూ చూపుడువేలూ
తెగిన పోగుకు ముడేసినట్టు
వాటంతట అవే కదిలినయి.